హన్నా కుట్టిన చిన్న అంగీ

చదువవలసిన భాగము: 1 సమూయేలు 2:12–29, 4:12–18



ఈ నెల మన పాఠము భోజనమును గూర్చియు, బట్టలను గూర్చియు. సంఘపత్రికలో ఇట్టి సంగతులేల అని కొందరు తలంచవచ్చును. అయితే పరిశుద్ధ గ్రంథములో ఒకే అధ్యాయము ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచినది.

షిలోహులో ఒక బాలుడును ఒక వృద్ధుడును ఉండిరి. బాలుడు సమూయేలు. అతని తల్లియైన హన్నా ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చెడిది (2:19). నిరుటి కొలత ఈ యేటికి చాలదని ఆ తల్లి యెరుగును. వృద్ధుడు యాజకుడైన ఏలీ. అతని కుమారులు మూడు ముండ్ల కొంకి పట్టించి జనుల బలిమాంసమును తమ కిష్టము వచ్చినట్లు తీసికొనుచుండిరి. ఆ నైవేద్యములతో క్రొవ్వుచున్నారను నేరమును దేవుడు కుమారులమీదనే గాక తండ్రిమీద కూడ మోపెను (2:29). కడపట మందసము పట్టబడెనను వార్త వినగానే ఏలీ పీఠము మీదనుండి వెనుకకు పడి, మెడ విరిగి చనిపోయెను. అతడు వృద్ధుడును బరువైన దేహము గలవాడునై యుండెనని గ్రంథము దాచక చెప్పుచున్నది (4:18). బాలునికి ఏటేట కొలత చూచు తల్లి యుండెను. ఏలీ కొలత చూచినవారెవరు?

1. బట్ట చెప్పిన సత్యము

ఈ పాఠమును మొదట మాకే చెప్పుకొనుచున్నాము. అభిషేకము పొందిన దినమునకై కుట్టించిన తెల్ల అంగీని మేము రెండుసార్లు ప్రక్కలు విప్పించి వదులు చేయించుకొంటిమి. రెండుసార్లును, ఉతుకులో బట్ట ముడుచుకొన్నదని అందరితో చెప్పితిమి. మూడవసారి తీసికొనిపోగా దర్జీ సహోదరుడు అంగీని లోపలికి త్రిప్పి చూపి, “అయ్యగారూ, ఇంక లోపల గుడ్డ లేదండి” అనెను. ఆ నెలలోనే వైద్యుడు మాకు చక్కెరవ్యాధి ఉన్నదని చెప్పెను. అప్పటికి మా బరువు 86 కిలోలు, నడుము 42 అంగుళములు.

బట్ట అబద్ధమాడదు. అయితే కొన్ని బట్టలు మౌనముగా నుండును. లుంగీ, నాడా పైజమా, నైటీ, చీర, ఇవి శరీరమెంత పెరిగినను సర్దుకొనును. కాబట్టి నెలకొకసారి దర్జీ టేపుతో బొడ్డుకు సరిగా నడుము కొలుచుకొనుడి. మన దేశస్థులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా 35½ అంగుళములు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా 31½ అంగుళములు దాటినయెడల చక్కెరవ్యాధి, రక్తపోటు, గుండెజబ్బు కలుగు అపాయము హెచ్చునని వైద్యులు చెప్పుదురు.

2. పళ్లెములోని కొలత

ఏలీ యింటివారి తప్పు ఆకలి కాదు. జనులు దేవునికి తెచ్చినది ముందు తమ నోటికే రావలెననుట వారి తప్పు. మా తప్పు వేరొక ముసుగులో వచ్చినది. గృహప్రార్థన జరిగిన ప్రతి యింట టీ, కారప్పూస. పండుగకు బిరియాని. వద్దన్నచో నొచ్చుకొందురని మా సాకు. సంఘము చూపిన ప్రేమను మా నాలుకకు ముసుగుగా వేసికొంటిమి.

ఒకనాడు లెక్క వేసితిమి. దినమునకు నాలుగు టీలు, ఒక్కొక్క దానికి రెండు చెంచాల పంచదార. చెంచా 5 గ్రాములైనను దినమునకు 40 గ్రాములు, నెలకు 1,200 గ్రాములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారము దినమునకు సుమారు 25 గ్రాములకు తగ్గించుకొనుట మేలు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, 2,000 కాలరీల దినభోజనమునకు వండకముందు బరువున ధాన్యములు 250 గ్రాములు, ఆకుకూరలు కూరగాయలు 400 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు అని యున్నది. మన పళ్లెములో సంగతి తారుమారు. అన్నము కొండంత, కూర గోరంత. కనుక మేము మొదట కూర వడ్డించుకొని, మిగిలిన చోట అన్నము పెట్టుకొనుట నేర్చుకొంటిమి. ములగాకు, తోటకూర, సొరకాయ, బీరకాయ మన పెరటిలోనివే. జొన్నలు, కొర్రలు మంచివే గాని కొర్రన్నమైనను కొండంత తినినయెడల బరువు తగ్గదు.

తల్లులారా, మిగిలిన అన్నము పారవేయరాదని మీరే తినివేయుచున్నారు. ప్రభువు మిగిలిన ముక్కలను గంపలలోనికి ఎత్తించెను (యోహాను 6:12–13), నిండిన కడుపులలోనికి కాదు. రేపు కొలత చూచి తక్కువ వండుడి.

ఒక వృద్ధురాలు తన యింట మాకు రెండవమారు అన్నము పెట్టబోగా చేయి అడ్డము పెట్టితిమి. ఆమె ముఖము చిన్నబోయెను. అప్పుడు మా జబ్బు సంగతి దాచక చెప్పితిమి. ఆమె గరిటె దించి, “ముందే చెప్పొద్దా అయ్యగారూ, నాకూ ఉంది” అనెను. ఎన్నడును ఎవరితోను చెప్పలేదట. ఆ దినము మొదలు ఆ యింట మా యిద్దరికిని పల్చని మజ్జిగయే విందు. మేము దాచినంత కాలము ఆమెయు దాచుకొన్నదిగదా అని మాకు దుఃఖము కలిగెను.

3. తగ్గిన తరువాత

తొమ్మిది నెలలలో మా బరువు 77 కిలోలకు, నడుము 38 అంగుళములకు దిగినది. ఇంకను దిగవలసియున్నది. తగ్గుచున్న కాలములో క్రొత్త బట్టలు కొనవద్దు. రెండు జతలకు మాత్రము ప్రక్క కుట్లు లోపలికి వేయించుకొనుడి. గుడ్డ కత్తిరింపనియ్యకుడి.

బరువు ఆరునెలలు నిలిచిన పిమ్మట వదులు బట్టలను పెట్టెలో దాచవద్దు. ఐగుప్తు కుండలను తలంచుకొనిన ఇశ్రాయేలీయులవలె (నిర్గమకాండము 16:3) అది వెనుకకు పోవుటకు దారి ఉంచుకొనుటయే. వాటిని ఉతికి, బొత్తాములు కుట్టి, ఆ కొలత గలవారికి ఇయ్యుడి (లూకా 3:11). దొర్కా కుట్టిన అంగీలను చూపుచు విధవరాండ్రు ఏడ్చిరి (అపొ. కార్యములు 9:39). మన పెట్టెలోని బట్టలను చూపి ఎవరు ఏడ్తురు?

హెచ్చరిక

సన్నదనము పరిశుద్ధత కాదు. లేమిచేత సన్నగిల్లినవారు మన సంఘములలో ఉన్నారు. వారికి కావలసినది తక్కువ అన్నము కాదు, ఎక్కువ పప్పు, గుడ్డు, పాలు. వ్యాధిచేత, మందులచేత, కాన్పులచేత లావైనవారిని ఎగతాళి చేయుట పాపము. చక్కెరకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు వైద్యునడుగక పూట మానరాదు, శ్రమదినములలోనైనను ఉపవాసముండరాదు.

కూడికలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఏలీ కుమారులను మాటలతో మందలించెను (2:23–25). అది ఏల చాలలేదు?
2. అతిథిని నొప్పింపకయు, మన దేహమునకు హాని చేయకయు భోజనము పెట్టుట ఎట్లు? ఈ నెల ప్రార్థన కూడికలలో ఏమి మార్చగలము?
3. మీ యింట చివరను భోజనము చేయువారెవరు? వారి పళ్లెములో ఏమి మిగులుచున్నది?

ప్రార్థన: ప్రభువా, మా కొలత నీవెరుగుదువు. సత్యము చెప్పు బట్టను, సత్యము చెప్పు స్నేహితుని మాకు దయచేయుము. మాకు మిగిలినదానిని లేనివారికి చేర్చుము. ఆమేన్.