తాత లేని అరుగు: లేకపోవడం కంటికి కనిపిస్తుందా?

పోయిన వీడియోలో ప్రత్యక్ష ప్రమాణం గురించి మాట్లాడుకున్నాం కదా. మనసు ఇంద్రియంతో కలవడం, ఇంద్రియం వస్తువుతో కలవడం, అప్పుడు జ్ఞానం పుట్టడం వరకు వచ్చి ఆపేశాను. టైమ్ చాలక కాదు. తర్వాతి భాగం రెండుసార్లు రికార్డ్ చేశాను, రెండుసార్లూ గొంతు పట్టేసింది, డిలీట్ చేశాను. ఇది రాసి చెప్పడమే నయమనిపించింది.

మాది నారాయణఖేడ్ దగ్గర కల్హేర్. తాత పోయి ఏడాది దాటింది. అప్పుడు ఆఫీసులో రిలీజ్ ఉందని రెండు రోజులుండి హైదరాబాద్ వచ్చేశాను. మళ్ళీ పోలేదు. మొన్న దసరాకు పోయాను. వెంట ఒక ఫ్రెండ్ వచ్చాడు, విజయవాడ అబ్బాయి, మా ఊరు చూడటం వాడికి అదే మొదటిసారి.

ఇంటి ముందు నిలబడగానే నాకు మొదట కనిపించింది అరుగు కాదు. అరుగు మీద తాత లేకపోవడం. గోడకు వీపు ఆనించి, ఒక కాలు మడిచి, పక్కన కట్టె పెట్టుకుని కూర్చునేవాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. ఆలోచించి తెలుసుకున్నది కాదిది, చెంప మీద కొట్టినట్టు కనబడింది. పక్కనున్న మా ఫ్రెండేమో "అరుగు భలే ఉంది రా, చల్లగా" అని బ్యాగ్ దింపి దాని మీద కూర్చున్నాడు.

అరుగు ఒకటే, వెలుతురు ఒకటే. వాడికి కళ్ళజోడు కూడా లేదు, నాకంటే మంచి చూపు. మరి వాడికి కనబడనిది నాకెలా కనబడింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థి చేతిలో ఇవాళ్టికీ ముందు పెట్టే పుస్తకం తర్కసంగ్రహం. రాసింది అన్నంభట్టు, తెలుగువాడు. కృష్ణా తీరంలోని గరికపాడు ఆయన ఊరని చెబుతారు. కాశీ పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఒక నానుడి కూడా ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సులువుగా ఉండాలని రాశానని పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నాడు. దాని మీద దీపిక అని వ్యాఖ్యానం కూడా తనే రాశాడు. మా ఇంజినీరింగ్ టెక్స్ట్‌బుక్స్‌లో ఇంత పొదుపుగా రాసినది నేనొక్కటీ చూడలేదు.

ఇంద్రియం వస్తువును అందుకునే తీరును సన్నికర్షం అంటారు. న్యాయంలో ఇవి ఆరు. నాయనమ్మ ఇత్తడి చెంబు తీసుకోండి. కన్ను చెంబుతో నేరుగా కలుస్తుంది, అది సంయోగం. చెంబు పసుపు రంగు? రంగు చెంబులో ఉంది, చెంబు కంటితో కలిసి ఉంది. కాబట్టి చెంబు ద్వారా రంగు అందుతుంది. రంగులోని రంగుతనం ఇంకో మెట్టు లోపల. నాలుగు, ఐదు శబ్దానికి సంబంధించినవి, చెవి ఆకాశమే కాబట్టి వాటి లెక్క వేరు. వాటిని ఇప్పటికి వదిలేద్దాం. ఆరోది విశేషణ విశేష్య భావం. ఇది లేకపోవడాన్ని, అంటే అభావాన్ని, చూడటానికి. నేల ఉంది. ఆ నేల "కుండ లేనిది". ఆ లేకపోవడం నేలకు ఒక విశేషణంలా అంటుకుని కంటికి అందుతుంది.

మొదటిసారి చదివినప్పుడు ఇది మాటల గారడీ అనిపించింది. లేనిది కంటికి ఎలా తగులుతుంది? అరుగు ముందు నిలబడ్డాకే అర్థమైంది, వీళ్ళు ఊరికే కేటగిరీలు పెంచుకోలేదని.

న్యాయం ఇంకో షరతు పెడుతుంది. ఏది లేదో దాన్ని ప్రతియోగి అంటారు. ప్రతియోగి తెలియకుండా అభావం తెలియదు. మా ఫ్రెండ్‌కు తాత తెలియదు, అందుకే వాడికి అది ఉత్త అరుగు. అలాగని తెలిసినవన్నీ లేవని కనబడవు కూడా. ఆ అరుగు మీద ఏనుగు కూడా లేదు, నాకు ఏనుగు తెలుసు, అయినా ఏనుగు లేకపోవడం నన్ను తాకలేదు. 1943లో వచ్చిన ఒక పుస్తకంలో ఫ్రెంచ్ తత్త్వవేత్త సార్త్రే కూడా ఇదే చోటికి వచ్చాడు. పియర్ అనే స్నేహితుడి కోసం కెఫేకు పోతాడు, పియర్ ఉండడు. కెఫే అంతా వెనక్కి పోయి ఆ లేకపోవడమే ముందుకొస్తుంది. వెల్లింగ్టన్ కూడా ఆ కెఫేలో లేడు, కానీ అది ఊరికే అనుకోవడం మాత్రమే అంటాడు.

మీమాంసకుడు కుమారిల భట్టు మాత్రం ఒప్పుకోడు. కన్ను ఉన్నదాన్నే అందుకుంటుంది, లేదని తెలిపేది కన్ను కాదు, అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం అంటాడు. అనుపలబ్ధి అంటే దొరకకపోవడం. ఆయన చూపించే ఉదాహరణ గట్టిది. ఒకడు ఒక చోటు చూసి వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరో "అక్కడ ఫలానావాడు ఉన్నాడా?" అని అడిగారు. అప్పుడు, ఆ క్షణంలో, "లేడు" అని తెలుస్తుంది. చూస్తున్నప్పుడు ఆ ఆలోచనే లేదు, తెలిసినప్పుడు కంటి ముందు ఆ చోటు లేదు. ఇక కన్ను చేసిన పనేంటి?

ఇది కూడా నాకు అచ్చంగా జరిగింది. పండగ అయ్యి హైదరాబాద్ వచ్చాక నాన్న అడిగాడు, "వాకిట్ల తాత సైకిల్ ఉన్నదారా?" అని. ఊళ్ళో ఉన్న మూడు రోజులూ నాకు సైకిల్ గుర్తే రాలేదు. నాన్న అడగ్గానే వాకిలి మొత్తం కళ్ళ ముందు తిరిగింది. తులసి గద్దె, నల్లా, బాబాయి బండి. సైకిల్ లేదు. "లేదు నాన్నా" అన్నా. అక్కడితో ఆగితే బాగుండేది. "బాబాయి అమ్మేసినట్టున్నాడు" అని కూడా అన్నా.

నాన్న ఏం మాట్లాడలేదు. ఆ సైకిల్ మీదే పదో తరగతి పరీక్షలకు తాత ఆయన్ని కూర్చోబెట్టుకుని తీసుకుపోయిండట. నాలుగు రోజులు బాబాయి ఫోన్ ఎత్తలేదు. ఐదో రోజు నేను నాయనమ్మకు చేస్తే, "అమ్ముడేంది బిడ్డా? వానకు తుప్పు పడ్తదని కొట్టంల పెట్టి పట్టా కప్పిన" అంది.

నేను చూసింది తప్పు కాదు. వాకిట్లో సైకిల్ నిజంగానే లేదు. తప్పు ఎక్కడ జరిగిందో దీపికలో అన్నంభట్టు ఇచ్చిన ఒక చిన్న పరీక్షతో తేలుతుంది. ఇక్కడ కుండ ఉండి ఉంటే నేల కనబడినట్టే అదీ కనబడేది, కనబడలేదు కాబట్టి లేదు. "ఉండి ఉంటే కనబడేది" అనే అర్హతే యోగ్యత. పట్టపగలు వాకిట్లో ఆ అర్హత ఉంది. నేను అడుగు పెట్టని కొట్టానికి, అందులో పట్టా కింద ఉన్న వస్తువుకు లేదు. ఇక "అమ్మేశాడు" అన్నది అభావ జ్ఞానం కూడా కాదు, నా నోటి దురుసు.

మా ఫీల్డ్ వాళ్ళకు ఇది వేరేలా తెలుసు. రాత్రి డిప్లాయ్ చేసి "లాగ్స్‌లో ఎర్రర్స్ ఏమీ లేవు, అంతా ఓకే" అని పడుకున్నాం ఒకసారి. పొద్దున చూస్తే ఆ సర్వీస్ లాగ్స్ రాయడమే ఆగిపోయింది. ఎర్రర్ వచ్చి ఉంటే కనబడేదా? కనబడేది కాదు. మరి కనబడకపోవడానికి విలువెంత?

అన్నట్టు, అద్వైతులు ఈ తగువులో ఒక మధ్య దారి తీశారు. చెరువు నీళ్ళు కాలువ గుండా పోయి మడి ఆకారం పొందినట్టు, అంతఃకరణం కంటి గుండా పోయి వస్తువు ఆకారం పొందుతుందని వేదాంత పరిభాషలో ధర్మరాజాధ్వరీంద్రులు అంటారు. మా వైపు నల్లవాగు కాలువ నీళ్ళు వరి మడిలోకి తిరగడం చూసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. మరి లేనిదానికి ఏ ఆకారం? వాళ్ళ జవాబు ఏమిటంటే, పుట్టే జ్ఞానం ప్రత్యక్షమే, కానీ పుట్టించిన సాధనం కన్ను కాదు, అనుపలబ్ధి. నాకైతే అరుగు విషయంలో అన్నంభట్టు, సైకిల్ విషయంలో కుమారిలుడు సరిపోయారు. రెండింటికీ ఒకే జవాబు ఉండాలని పట్టుబట్టే ఓపిక నాకు లేదు.

మన వయసు వాళ్ళలో చాలామంది అడిగే మాట ఒకటుంది: "దేవుడు కనబడట్లేదు కదా, అంటే లేనట్టే కదా?" దీనికి సుమారు వెయ్యేళ్ల కింద మిథిలలో ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో జవాబిచ్చాడు, సరిగ్గా యోగ్యత మీద నిలబడి. కంటికి కనబడే అర్హత ఉన్నది కనబడకపోతే లేదనవచ్చు. ఆ అర్హతే లేనిదాన్ని కనబడలేదన్న కారణంతో కొట్టెయ్యలేం. కనబడనిది లేదనే చార్వాకుడు ఇల్లు దాటగానే భార్యాపిల్లలు కనబడరు కాబట్టి, లేరని ఏడుస్తూ ఇంటికి తిరిగే పోకూడదని ఎగతాళి కూడా చేశాడు. ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి: దీంతో దేవుడు లేడన్న వాదన ఒకటి పడిపోయింది, అంతే. ఉన్నాడని రుజువు కాలేదు. ఆ సంగతి ఉదయనుడికీ తెలుసు, అందుకే దానికి వేరే వాదనలు విడిగా రాశాడు. వాటిలోకి మెల్లగా వెళదాం.

నాన్న బాబాయికి తనే ఫోన్ చేశాడు. ఈ ఆదివారం ఇద్దరం కల్హేర్ పోతున్నాం. సైకిల్‌కు రెండు కొత్త టైర్లు కొన్నాడు, సైజు సరిపోతుందో లేదో నాయనమ్మను అడిగితే "నాకేం తెలుస్తది, తెచ్చి పెట్టి చూడు" అంది. తాడు, పాము వీడియో మేం తిరిగొచ్చాకే.