కారును కరిగించిన మేడ

2013 ఆగస్టు చివరి వారం. లండను నగరంలో ఈస్ట్‌చీప్ అనే వీధి. ఒకాయన మధ్యాహ్నం పూట తన జాగ్వార్ కారును వీధి వారగా నిలిపి పనిమీద వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కారు పక్క అద్దం తొడుగు వంగిపోయి ఉంది. పక్క పలకలు అలలు తేలినట్లు ఉబ్బి ఉన్నాయి. కారు మీది గుర్తు కూడా వంకర పోయింది. దగ్గరలో మంట లేదు, పొగ లేదు. ఆ చోట మాత్రం ఎండ కళ్లు తెరవనివ్వనంత తెల్లగా కాస్తోంది.

ఆ ఎండ సూర్యుడి నుంచి నేరుగా వచ్చింది కాదు. ఎదురుగా కడుతున్న ఒక పెద్ద ఆఫీసు మేడ దాన్ని తన గాజు గోడతో పట్టి వీధిలోకి విసురుతోంది. పక్కనున్న ఒక క్షౌరశాల గుమ్మంలో తివాచీ కమిలింది. ఒక విలేఖరి పెనం తెచ్చి కాలిబాట మీద పెట్టి గుడ్డు వేయించి చూపాడు. తెల్లసొన 60 డిగ్రీలు దాటితే గట్టిపడడం మొదలవుతుంది కాబట్టి అందులో మాయ ఏమీ లేదు. పత్రికల వాళ్లు 90 డిగ్రీల సెంటిగ్రేడు పైనే నమోదు చేశారు. కట్టేవాళ్లు కారు యజమానికి బాగుచేత ఖర్చు 946 పౌన్లు చెల్లించారు. ఆ వారగా కార్లు నిలిపే మూడు స్థలాలను మూసేశారు.

పత్రికలు 'కారు కరిగింది' అని రాశాయి గనుక నేనూ శీర్షికలో ఆ మాటే వాడాను. నిజానికి కరిగింది కారు కాదు. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి. మెత్తబడింది ప్లాస్టిక్కు భాగాలు మాత్రమే. వాటికి 100 డిగ్రీల దరిదాపుల వేడి చాలు.

ఆ మేడ చిరునామా 20, ఫెన్‌చర్చ్ స్ట్రీట్. ఎత్తు 160 మీటర్లు. రూపొందించిన వాస్తుశిల్పి రఫాయెల్ వినోలీ. ఈయన యురుగ్వే దేశంలో పుట్టి న్యూయార్కులో స్థిరపడ్డాడు. 2023లో మరణించాడు. మామూలుగా మేడలు కింద వెడల్పుగా ఉంటాయి, లేదా కిందా పైనా ఒకే కొలతలో ఉంటాయి. ఈ మేడ తిరగేసి పెట్టినట్లు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. పోలీసులు చేతిలో పట్టుకునే వాకీ టాకీలా ఉందని లండను జనం దానికి ఆ పేరే పెట్టేశారు.

ఈ ఆకారం కేవలం వింత కోసం పుట్టింది కాదు. దాని వెనుక వ్యాపారపు లెక్క ఉంది. ఎంత పై అంతస్తు అయితే అంత మంచి దృశ్యం, అంత ఎక్కువ అద్దె. మొదట ఈ మేడను ఇంకా ఎత్తుగా కట్టాలనుకున్నారు. సెయింట్ పాల్స్ చర్చి, టవర్ ఆఫ్ లండన్ వంటి పాత కట్టడాల వైపు చూపు చెడుతుందన్న అభ్యంతరాలు వచ్చి ఎత్తు తగ్గించారు. ఎత్తు తగ్గినా, ఖరీదైన పై అంతస్తులనే వెడల్పు చేస్తే అద్దెకిచ్చే స్థలం ఎక్కువ దొరుకుతుంది. యజమాని కళ్లతో చూస్తే ఇంతకంటె తెలివైన ఆకారం లేదు.

ఇక్కడే భౌతికశాస్త్రం అడుగు పెడుతుంది. కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండాలంటే దక్షిణపు గోడ పైకి పోయేకొద్దీ వీధి మీదికి వాలాలి. అంటే ఆ గోడను నిలువునా చూస్తే లోపలికి గుంటపడిన విల్లులా ఉంటుంది. మీ ఇంట్లో మెరిసే స్టీలు గరిటె ఉంటే దాని గుంట వైపు చూడండి. మీ ముఖం తలకిందులుగా కనబడుతుంది. అది పుటాకార దర్పణం. దూరం నుంచి వచ్చే సమాంతర కిరణాలు దానిమీద పడితే అవి తిరిగి వచ్చి ఒకచోట చేరతాయి. ఆ చోటు పేరు నాభి. దర్పణపు వక్రతా వ్యాసార్థంలో సగం దూరంలో నాభి ఉంటుందని మీ పాఠంలో చదివే ఉంటారు. పాఠంలో కిరణాలు ప్రధానాక్షానికి సమాంతరంగా వస్తాయి. మేడ మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. అందుచేత ఇక్కడ చక్కని నాభి బిందువు ఏర్పడదు, చెదిరిన వెలుగు మచ్చ ఏర్పడుతుంది. ప్లాస్టిక్కును వంచడానికి ఆ మచ్చే చాలింది.

ఇది ఎలా జరుగుతుందో ఒక లెక్కతో చూద్దాం. కొలతలు నావి, మేడవి కావు. సూర్యుడు దక్షిణాన 45 డిగ్రీల ఎత్తులో ఉన్నాడనుకోండి. నిట్టనిలువు గోడలో 30 మీటర్ల ఎత్తున ఒక గాజు పలక ఉంది. పతన కోణం, పరావర్తన కోణం సమానం గనుక కిరణం 45 డిగ్రీల వాలులోనే కిందికి దిగి గోడ నుంచి 30 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అదే గోడలో 60 మీటర్ల ఎత్తున మరో పలక ఉంటే, దాని వెలుగు 60 మీటర్ల దూరంలో పడుతుంది. రెండు పలకలు, రెండు చోట్ల రెండు మచ్చలు. ఎవరికీ బాధ లేదు.

ఇప్పుడు పై పలకను కొంచెం ముందుకు వాలుద్దాం. దర్పణాన్ని ఒక కోణం తిప్పితే పరావర్తన కిరణం దానికి రెట్టింపు కోణం తిరుగుతుంది. ఈ చిన్న నియమాన్ని పిల్లలు పరీక్ష కోసం బట్టీ పట్టి మరచిపోతారు. ఈ కథ మొత్తానికి ఆయువుపట్టు అదే. పై పలకను 9 డిగ్రీలు వాలిస్తే కిరణం 18 డిగ్రీలు తిరిగి, 63 డిగ్రీల వాలులో దిగుతుంది. 63 డిగ్రీల టాంజెంటు విలువ దాదాపు 2. కాబట్టి 60 మీటర్ల ఎత్తు నుంచి దిగే కిరణం 30 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అంటే కింది పలక వెలుగు పడిన చోటనే! నడుమ ఉన్న పలకలన్నీ కొంచెం కొంచెంగా వాలి ఉంటే అవీ తమ వంతు వెలుగును అక్కడికే పంపుతాయి. వాకీ టాకీ మేడ గోడ అటువంటిదే.

బడి ఆవరణలో దీన్ని చేసి చూడవచ్చు. పదిమంది విద్యార్థులు తలా ఒక చేతి అద్దం పట్టుకుని ఎండను ఒకే ఇటుక మీదికి పంపండి. మొదటి మచ్చకు ఇటుక వేడెక్కినట్లే ఉండదు. పదో మచ్చ చేరాక చేయి పెట్టడం కష్టమవుతుంది. ఎవరూ అద్దంలోకి గాని, సూర్యుడి వైపు గాని చూడకూడదు. ఎవరి ముఖం మీదికీ వెలుగు పంపకూడదు. ఈ మాట ఉపాధ్యాయుడు దగ్గరుండి చెప్పవలసినది.

మీకు ఒక సందేహం రావాలి. మన ఇళ్ల కిటికీ గాజు ఎండలో ఎక్కువ భాగాన్ని లోపలికే పోనిస్తుంది కదా, నిటారుగా పడిన వెలుగులో నూటికి ఎనిమిది పాళ్లు మాత్రమే వెనక్కి తిప్పుతుంది కదా అని. నిజమే. పెద్ద ఆఫీసు మేడలకు మాత్రం పలుచని లోహపు పూత వేసిన గాజు వాడతారు. లోపలికి వేడి రాకుండా, గదులు చల్లబరిచే యంత్రాల మీద భారం తగ్గాలని. వేడిని లోపలికి రానీయకపోతే అదేమీ మాయమైపోదు. వెనక్కి పోతుంది. ఒక్కొక్క పలక తనమీద పడిన ఎండలో నాలుగో వంతు తిప్పిందనుకున్నా, పది పలకల వెలుగు ఒకచోట చేరితే రెండున్నర సూర్యుల వేడి. నేరుగా కాసే సూర్యుడు దానికి అదనం. మేడ లోపలివాళ్లకు తగ్గించిన వేడిని, ఆ ఆకారం మూటగట్టి వీధిలోని కొట్టువాడి గుమ్మంలో దింపింది. ఒక భవనం పనికివచ్చేదా కాదా అని లెక్క వేసేటప్పుడు అద్దె చీటీలతో పాటు ఎదుటి గుమ్మాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని నేనంటాను.

కట్టేవాళ్లు అప్పట్లో చెప్పిన సమాధానం: ఇది రోజుకు రెండు గంటలు, ఏడాదిలో రెండు మూడు వారాలు ఉండే వింత, సూర్యుడి ఎత్తును బట్టి వచ్చింది అని. మాట నిజమే. లండను అక్షాంశం 51.5 డిగ్రీలు. జూన్ 21న మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు 62 డిగ్రీల ఎత్తుకు పోతాడు. వెలుగు మరీ నిటారుగా దిగి మేడ పాదాల దగ్గర పడుతుంది. డిసెంబరు 21న 15 డిగ్రీలు దాటడు. ఎండలో బలం ఉండదు, చుట్టూ ఉన్న కట్టడాలు అడ్డం వస్తాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట 46 నుంచి 48 డిగ్రీలు. మనం లెక్కలో తీసుకున్న 45కు ఎంత దగ్గరో చూడండి.

సూర్యుడి ఎత్తు ఏ రోజున ఎంత ఉంటుందో వందల ఏళ్లుగా పంచాంగాలు రాసేవారికి తెలుసు. కాబట్టి ఇది ముందుగా లెక్కించలేని ఆపద కాదు. వినోలీ స్వయంగా ఒక పత్రికతో మాట్లాడుతూ, ఈ పరావర్తనం సంగతి ముందే కనిపెట్టామని, 36 డిగ్రీల వేడి రావచ్చని అంచనా వేస్తే 72 వచ్చిందని చెప్పాడు. మొదటి నమూనాలో దక్షిణపు గోడకు ఎండను ఆపే అడ్డ రెక్కలు ఉండేవని, ఖర్చు తగ్గించడానికి తీసేశారని కూడా అన్నాడు. ఆయన 72 అంటే పత్రికలు 90 పైన అన్నాయి. రెండూ నిజం కావచ్చు. ఎండలో ఉంచిన ఉష్ణమాపకం గాలి వేడిని చూపదు, తాను ఎంత వేడెక్కిందో చూపుతుంది. నల్లని వస్తువుకు ఒక అంకె, తెల్లని దానికి ఒక అంకె వస్తుంది.

ఆయనకిది మొదటిసారి కూడా కాదు. అమెరికాలో లాస్ వేగాస్ నగరంలో ఆయన రూపొందించిన వడారా హోటలు 2009 డిసెంబరులో తెరిచారు. దాని దక్షిణపు గోడ కూడా లోపలికి వంగినదే. 2010లో ఈత కొలను దగ్గర పడుకున్నవారి ప్లాస్టిక్కు సంచులు మెత్తబడ్డాయి, ఒకరి జుట్టు కమిలింది. అక్కడ పెద్ద పెద్ద గొడుగులు పాతారు. లాస్ ఏంజెలెస్‌లో 2003లో తెరిచిన డిస్నీ సంగీతశాలది మరో కథ. దాని ఉక్కు రేకులు నునుపుగా, లోపలికి వంగి ఉన్నచోట ఎదుటి ఇళ్లలోకి వేడి కొట్టింది. 2005లో ఆ రేకులను గరుకు పెట్టారు. గరుకు తలం వెలుగును తినేయదు, నలుదిక్కులా చెదరగొడుతుంది. నాభి ఏర్పడడానికి వీలుండదు.

లండనులో మొదట వీధిలో పరంజా కట్టి వలతెర దించారు. 2014లో గోడ పొడుగునా అడ్డంగా అల్యూమినియం రెక్కలు బిగించారు. మన కిటికీల మీద వేసే సన్‌షేడుకు ఇవి చుట్టాలే. ఎత్తు నుంచి వచ్చే ఎండ గాజును తాకకముందే రెక్క మీద పడి చెదురుతుంది, లోపలినుంచి చూసేవాడికి మాత్రం దృశ్యం చెడదు. ఖర్చు మిగుల్చుకోవాలని మొదట తీసేసిన పనిని మేడ పూర్తయ్యే వేళ మళ్లీ చేయవలసి వచ్చిందన్నమాట.

ఇదే ఆకారాన్ని కోరి కట్టిన మేడ ఒకటుంది. ఫ్రాన్సులో పిరనీస్ కొండల్లో ఓడేయో అనే ఊళ్లో, ఒక పరిశోధనాలయం గోడనే పరావలయ ఆకారపు పెద్ద పుటాకార దర్పణంగా మలిచారు.  ఎదుటి కొండవాలు మీద నిలిపిన 63 చదును దర్పణాలు సూర్యుణ్ణి అనుసరిస్తూ వెలుగును దానిమీదికి పంపుతాయి. నాభి దగ్గర 3,000 డిగ్రీలు దాటుతుంది. లోహాలు అక్కడ నిజంగానే కరుగుతాయి. ఆ నాభి వీధిలో కాక, శాస్త్రజ్ఞులు కట్టుకున్న కొలిమి గదిలో ఉంది.

వాకీ టాకీ మేడకు 2015లో బ్రిటనులో ఆ ఏటి అతి వికారమైన భవనానికిచ్చే కార్బంకుల్ కప్పు వచ్చింది. మేడ కింద గాలి ఈడ్చి కొడుతోందని అదే ఏడు ఫిర్యాదులు కూడా వచ్చాయి. 2017లో అదే మేడ దాదాపు 128 కోట్ల పౌన్లకు అమ్ముడుపోయింది. యజమానుల లెక్క తప్పలేదు మరి!

మీకొక లెక్క. జూన్ 21కి ముందు ఎన్ని రోజులో, తరువాత అన్ని రోజులకు సూర్యుడు దాదాపు అదే ఎత్తులో ఉంటాడు. రెక్కలు బిగించకపోతే, ఆగస్టు 29న కారు నిలిపినచోట మళ్లీ అదే వేడి ఏ నెలలో, సుమారు ఏ తేదీన పడేది? జూన్ 21 నుంచి ఆగస్టు 29 దాకా రోజులు లెక్కపెట్టి, అన్నే వెనక్కి పోండి. మీకు ఏప్రిల్ 13 వస్తే సరిగ్గా చేసినట్లే.