మూడు గంటలకు నవ్వే పిల్లోడు

సమస్య

అక్కా, మాది మంత్రాలయం మండలం మాధవరం. రాయచూరు పోయే రోడ్డు మా ఇంటి ముందరే. రాత్రంతా లారీలు తిరుగుతుంటాయి. నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. మా ఆయన, నేను రెండెకరాల్లో పత్తి వేసుకుంటాం, మిగతా దినాలు కూలికి పోతాం. ఒక్కడే కొడుకు. మొన్న శ్రావణంలో నాలుగేండ్లు నిండినాయి.

వానికి నిద్ర లేదు అక్కా. రాత్రి పన్నెండున్నర అయితే గానీ కన్ను మూయడు. మూడింటికి లేస్తాడు. ఏడిస్తే ఎత్తుకోవచ్చు, వాడు ఏడ్వడు. చీకట్లో కూర్చుని కిలకిలా నవ్వుతాడు, గెంతుతాడు, గోడకు వీపు కొట్టుకుంటాడు. మళ్లీ ఐదింటికి పండుకుంటే ఎనిమిది దాకా లేవడు. ఆ ఐదింటికే నేను లేచి నీళ్లు పట్టుకోవాల, రొట్టెలు కాల్చుకోవాల, చేనుకు పోవాల. అంగన్‌వాడీలో మాత్రం మధ్యాహ్నం రెండు గంటలు బాగా పండుకుంటాడని టీచరమ్మ చెబుతాది.

పోయిన నెల ఒక రాత్రి నాకు కన్ను అంటుకుంది. తెలివొచ్చి చూస్తే పక్కన వాడు లేడు. తలుపు తీసుకుని పోయి రోడ్డు పక్కన నిలబడి లారీల లైట్లు చూస్తున్నాడు. ఆ దినం నుంచి నా చీర కొంగు వాని మొలతాడుకు ముడేసుకుని పండుకుంటున్నా.

మూడు నెలల కింద కర్నూలులో చూపిస్తే ఆటిజం అన్నారు. మాటలు రావు, ‘లారీ’ అని ఒక్కటే అంటాడు. మా అత్త దిష్టి అంటాది. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని శ్రావణ సోమవారం తీసుకుపోతే ఆ జనానికి, ఆ మైకులకు చెవులు మూసుకున్నోడు మూడు రాత్రులు అస్సలు నిద్రబోలేదు. పోయిన ఏడాది ఒక ఆరెంపీ జలుబు సిరప్ ఇచ్చి రాత్రిపూట తాపమన్నాడు. నాలుగు దినాలు పండుకున్నాడు, తర్వాత ఇంకా ఎక్కువ గెంతినాడు. ఇప్పుడు ఫోన్‌లో లారీల వీడియోలు పెడితేనే పండుకుంటాడు. బెంగళూరులో ఉన్న మా మరిది నిద్ర వచ్చే జెల్లీ బిళ్లలంట, డబ్బా పంపినాడు. ఇంకా వేయలేదు.

వాడు నిమ్మళంగా ఉండేది ఒక్క సాయంత్రమే. నేను చేను నుంచి రాగానే నా పక్కన కూర్చుని గలాసెడు టీ తాగి బొరుగులు తింటాడు.

సంక్రాంతి అయినాక గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి సుగ్గికి, వలస కూలికి పోవాల. ఆ గుడారాల్లో వీన్ని ఎట్లా పండబెట్టేది? అత్త దగ్గర వదిలిపోదామా? ఒక రాత్రి వాన్ని కొట్టినాను అక్కా. రాసేదానికి సిగ్గుగా ఉంది.

— ఒక తల్లి, మాధవరం

సలహా

చెల్లీ, మిగతావన్నీ తర్వాత. ముందు తలుపు సంగతి చూడు.

ఈ ఉత్తరం చదివిన రోజే తలుపుకి పైన, వాడు కుర్చీ ఎక్కినా అందనంత ఎత్తులో, ఒక గొళ్లెం వేయించు. పెద్దవాళ్లు లోపలి నుంచి చీకట్లో కూడా చటుక్కున తీయగలిగేది కావాలి, తాళంకప్ప వద్దు. తలుపుకి ఎద్దు మెడలో కట్టే గంట ఒకటి వేలాడదీయి. కొంగు ముడి విప్పేసెయ్. నువ్వు పక్కకు తిరిగినప్పుడల్లా వాడి నడుం లాగుతుంది, వాడు కదిలితే నీకు మెలకువ వస్తుంది. ఆ ముడి వల్ల ఇద్దరికీ నిద్ర లేదు.

ఇక కొట్టిన రాత్రి గురించి. నెలల తరబడి నిద్ర లేని మనిషి చెయ్యి ఆ మనిషి మాట వినదు. మళ్లీ అంత దూరం వచ్చిందనిపిస్తే వాణ్ని మీ ఆయన చేతిలో పెట్టి, నువ్వు బయటికొచ్చి తలుపు మూసుకుని అరుగు మీద కూర్చో. పంట కోతకొచ్చినప్పుడు చేను కాపలాకి ఎలా వంతులు వేసుకుంటారో ఇంట్లోనూ అలాగే వేసుకోండి. రెండింటి దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. వంతు లేనివాళ్లు నిజంగా నిద్రపోవాలి, పక్కనుంచి సలహాలు ఇవ్వకూడదు.

వాడి నిద్రలేమి మీ ఇంట్లోనే వచ్చిపడ్డ వింత అనుకోకు. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్రతో అవస్థ పడతారు, కొన్ని లెక్కల్లో 80 శాతం దాకా తేలారు. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి ఒంటికి రాత్రయిందని చెబుతుంది. ఈ పిల్లల్లో కొందరికి అది తక్కువగా ఊరుతుందని పరిశోధనల్లో కనిపించింది. మనం పట్టించుకోని లారీ హారన్ వాడికి చెవిలో సూదిలా గుచ్చుకోవచ్చు. ఇంకొకటి ఉంది. మామూలు పిల్లలు అమ్మ గిన్నెలు బోర్లించడం, జేజి ఆవలించడం, పక్కలు పరవడం చూసి ఇక పడుకునే వేళయిందని తెలుసుకుంటారు. మీవాడికి ఆ సైగలు అందవు. అందుకే మూడింటికి లేచి నవ్వుతున్నప్పుడు నిన్ను ఏడిపించాలన్న ఆలోచన వాడికి ఉండదు. వాడి లెక్కలో అది తెల్లారడం.

నీ ఉత్తరంలో నాకు బాగా పట్టిన వాక్యం ఏది అనుకున్నావు? సాయంత్రం టీ. నువ్వు దాన్ని సంతోషంగా రాశావు. టీలో ఉండే కెఫీన్ నాలుగైదు గంటలు గడిచినా సగమే దిగుతుంది. నాలుగేళ్ల ఒంటికి గలాసెడు చాలా ఎక్కువ. పైగా టీ తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇనుము తగ్గిన పిల్లల్లో కొందరు పడుకున్నాక కాళ్లు ఆడిస్తూ, పొర్లుతూ ఉంటారు. ఆ కూర్చోవడం మాత్రం మానిపించకు, అది మీ ఇద్దరికీ దక్కిన పొద్దు. గలాసు అదే, చోటు అదే, బొరుగులు అవే. గలాసులో డికాక్షన్ రోజుకింత తగ్గిస్తూ పాలు పెంచుతూ రా. ఒక్కసారిగా మారిస్తే రంగు చూసి పారేస్తాడు.

ఇప్పుడు లెక్క వెయ్యి. పన్నెండున్నర నుంచి మూడు దాకా రెండున్నర గంటలు, ఐదు నుంచి ఎనిమిదికి మూడు, అంగన్‌వాడీలో రెండు. మొత్తం ఏడున్నర. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. తక్కువే, అయితే వాడికి నిద్ర రాదని కాదు, అది ముక్కలై పగటిలోకి జారిపోయింది. టీచరమ్మతో మాట్లాడి మధ్యాహ్నం గంటకు మించి పడుకోనివ్వద్దని చెప్పు. పొద్దున ఆరున్నరకు లేపెయ్, రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినా సరే. లేపి వెలుతురులో కూర్చోబెట్టు. జాలితో ఎనిమిది దాకా వదిలావా, ఆ రాత్రి మళ్లీ పన్నెండున్నరే.

రాత్రి తొమ్మిదికి పడుకోబెట్టి మూడున్నర గంటలు యుద్ధం చేయకు. వాడు నిజంగా నిద్రపోయే పన్నెండున్నరకే పక్క మీదకు తీసుకెళ్లు. మొదట్లో ఇది విడ్డూరంగా ఉంటుంది, మీ అత్తగారు ఏదో ఒకటి అంటుంది కూడా. పడుకున్న కాసేపటికే నిద్ర పడుతున్నదని తేలాక, మూడు నాలుగు రోజులకొకసారి పావుగంట ముందుకు జరుపు. సంక్రాంతి దాటేసరికి తొమ్మిదిన్నర దగ్గరికి రావచ్చు.

పక్క మీదకు వెళ్లే ముందు గంట సేపు రోజూ ఒకేలా నడవాలి. పుస్తకాల్లో బొమ్మలున్న చార్టు గోడకు అంటించమని, పిల్లాడికి వేరే గది ఇమ్మని ఉంటుంది. వేరే గది మాట రాసినవాళ్లు ఒంటిగది మిద్దె చూసి ఉండరు. నువ్వు గోడలో గూటిలో మూడు వస్తువులు వరసగా పెట్టు: స్నానం చెంబు, వాడి పాల గలాసు, మడిచిన బొంత. స్నానం అయ్యాక చెంబు తీసెయ్, పాలయ్యాక గలాసు తీసెయ్. బొంత ఒక్కటే మిగిలిందంటే పడుకోవాలి. మాట రాని పిల్లాడికి ఖాళీ అవుతున్న గూడు మాట చెబుతుంది. బొంత మీద ఒక మాట. పట్నాల్లో ఈ పిల్లల కోసమని బరువు దుప్పట్లు వేలకు అమ్ముతున్నారు. 2014లో ఇంగ్లండులో 67 మంది పిల్లల మీద చూస్తే వాటితో నిద్ర పెరగలేదు, పిల్లలకు మాత్రం అవి నచ్చాయి. పాత చీరలతో కుట్టిన మీ బొంత వాడికి ఇష్టమైతే చాలు. మొహం మీదికి రాకుండా, వాడే తోసేసుకోగలిగేలా కప్పు.

ఆ గంటలో ఫోన్ ఉండకూడదు. తీసేసిన మొదటి నాలుగైదు రాత్రులు ముందుకన్నా ఎక్కువ గోల చేస్తాడు. పక్కింటివాళ్లకు ముందే చెప్పిపెట్టు. ఐదో రాత్రి ఓపిక పోయి ఇచ్చావంటే, ఐదు రాత్రులు అరిస్తే వస్తుందని నేర్పినట్టవుతుంది. కోతలు లేని రోజులు చూసుకుని మొదలుపెట్టు.

మూడింటికి లేస్తే దీపం వెయ్యకు, కోప్పడకు, నవ్వకు. ‘ఇంకా చీకటి’ అని ఒక్క మాట, రోజూ అదే మాట. బొంత కప్పి పక్కన పడుకో. గెంతితే గెంతనీ, దెబ్బ తగలకుండా చూస్తే సరిపోతుంది.

జలుబు సిరప్ మళ్లీ ఇంటికి రానివ్వకు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. నువ్వు తాపింది అదో కాదో నాకు తెలియదు. ఏదైనా సరే, నిద్ర కోసం జలుబు మందు తాపడం మత్తు పెట్టడమే. నీకు చెప్పినవాడిది తప్పు, నీది కాదు.

మరిది పంపిన డబ్బా బహుశా మెలటోనిన్. అది చెడ్డ మందేమీ కాదు. అలవాట్లు మార్చి చూశాక కూడా నిద్ర కుదరకపోతే మెలటోనిన్ ఇవ్వవచ్చని 2020లో అమెరికా నరాల వైద్యుల సంఘం చెప్పింది. చిక్కు ఆ జెల్లీతోనే. 2023లో అమెరికాలో అలాంటి 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో చీటీ మీద ఉన్న లెక్కకూ లోపలి మందుకూ పొంతన లేదు, ఒకదానిలో అసలు మందే లేదు. డబ్బా మూత తీయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఎంత, ఎప్పుడు అన్నది వాళ్లు చెప్పాలి.

వెళ్లినప్పుడు ఇవి కూడా అడుగు. ఒంట్లో ఇనుము నిల్వ చూసే ఫెరిటిన్ రక్తపరీక్ష చేస్తారా? రాత్రి గురక, నోటితో ఊపిరి ఉన్నాయా అని ఈలోపు నువ్వు గమనించు. రెండు మూడు రోజులకోసారి గానీ దొడ్డికి పోకపోతే చెప్పు, మాట రాని పిల్లాడి కడుపునొప్పి గెంతులుగా బయటపడవచ్చు. నిద్రలో ఒళ్లు బిగుసుకోవడం, కళ్లు పైకి పోవడం చూస్తే ఆగవద్దు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మామూలుకంటే ఎక్కువ.

ఈరన్నస్వామి మొక్కు మానమని నేను అనను. శ్రావణం కాని రోజుల్లో, జనం పలచబడ్డ ఒక పొద్దున తీసుకెళ్లండి. మీ అత్తగారికీ తృప్తి.

ఇక సుగ్గి. అత్తగారి దగ్గర వదలొద్దు. రాత్రి లేచి పరిగెత్తే పిల్లాణ్ని ఒంటిచేత్తో రెండు నెలలు చూసుకోవడం ముసలావిడ వల్ల కాదు, ఆ రోడ్డు పక్కన అసలే వద్దు. వీలైతే ఈసారి మీ ఆయన ఒక్కడే వెళ్లాలి. జంటగా పోతే వచ్చే కూలిలో సగం పోతుందని తెలిసే చెబుతున్నాను. అందుకే ఇంకో దారి చూడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. గ్రామ సచివాలయంలో అడిగి, వైకల్యం ఎంతో తేల్చే సదరం పరీక్షకు స్లాట్ పెట్టించుకో. 40 శాతం, ఆపైన అని తేలితే పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు, 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. వెంటనే చేతికి రాదు, తిరగాలి, కాబట్టి సుగ్గి మొదలయ్యేలోపు కాగితాలు కదిలించు. ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో బడిలో అడుగు, ప్రతిదానికీ ఎమ్మిగనూరులో బస్సు మారి కర్నూలు పోయే పని కొంత తగ్గవచ్చు.

ముగ్గురూ వెళ్లక తప్పకపోతే ఆ చెంబు, ఆ గలాసు, ఆ బొంత మూటలో ముందు కట్టు. గుడారంలో గూడు ఉండదు, ఒక బుట్టలో అదే వరసలో పెట్టు. గుడారం రోడ్డుకూ కాలువకూ దూరంగా వేయించమని మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. ఎద్దు గంట మరచిపోకు.

గోడ మీద క్యాలెండరు ఉంటుంది కదా. ఈ రాత్రి నుంచి ప్రతి గడిలో వాడు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు అని రెండు అంకెలు వెయ్యి. టీ తాగిన రోజు ఒక చుక్క పెట్టు. నెల నిండాక ఆ కాగితం చించి డాక్టరు ముందు పెట్టు, నాకూ ఒక ఫోటో పంపు.