చెరువు ఈత సముద్రంలో చాలదు

ప్రశ్న: నేను నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. కార్తీక పౌర్ణమికి హాస్టల్ మిత్రులం ఎనిమిది మందిమి మైపాడు వెళ్దామనుకుంటున్నాం. నాకు ఈత వచ్చు, మా ఊరి చెరువులోనే నేర్చుకున్నాను. అయినా అమ్మ వద్దంటోంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: వెళ్లండి బాబూ. పండగనాడు సముద్ర స్నానం మన జిల్లాలో తాతల నాటి అలవాటు, మానుకోమని నేను చెప్పను. అలాగని మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలమూ అదే. కార్తీక మాసం ఆ రోజుల్లోనే వస్తుంది. పైగా పౌర్ణమికి ఆటుపోట్లు ఎక్కువ. ముందురోజే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూడండి. పోలీసులు గానీ, పాలెంలోని మత్స్యకారులు గానీ ఫలానా చోట దిగొద్దంటే వాళ్లతో వాదించకండి.

చెరువులో నీళ్లు మిమ్మల్ని లాక్కుపోవు. సముద్రంలో అలలతో ఒడ్డుకొచ్చిన నీళ్లు ఏదో ఒక సన్నని దారి వెంట జోరుగా వెనక్కి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ అలలు విరుగుతున్నా ఆ దారిలో నీళ్లు నున్నగా కనిపిస్తాయి. ఇక్కడ నెమ్మదిగా ఉందనుకుని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. దాని వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది, ఆరితేరిన ఈతగాళ్లు కూడా ఎదురీదలేరు. అయితే అది మనిషిని లోతుకు ముంచదు, దూరంగా తీసుకుపోతుంది, అంతే. కంగారుపడకుండా తేలుతూ, తీరం వెంబడి పక్కకు ఈదండి. లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది స్నేహమే. ఒకడు మునుగుతుంటే రెండోవాడు దూకుతాడు, వాడికోసం మూడోవాడు. ‘ముగ్గురు విద్యార్థుల గల్లంతు’ అనే వార్తల వెనక చాలాసార్లు జరిగేది ఇదే. మునిగేవాడు ఊపిరికోసం చేతికందిన మనిషిని పట్టుకుని కిందికి తొక్కేస్తాడు. అది తెలిసి చేసేది కాదు. కాబట్టి దూకకండి, ఏదైనా విసరండి: తాడు, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్, ముడివేసిన చున్నీలు. గట్టిగా అరిచి మత్స్యకారులను పిలవండి, 112కు ఫోన్ చేయండి. మీ ఎనిమిది మందిలో ఇద్దరు వంతులవారీగా ఒడ్డునే ఉండాలి, కళ్లు నీళ్ల మీద ఉండాలి గానీ ఫోన్ మీద కాదు. మందు ముట్టినవాళ్లు ఆ రోజుకు నీళ్లలో దిగకూడదు, బండీ నడపకూడదు.

ప్రశ్న: నీళ్లు మింగినవాళ్లను బోర్లా వేసి కడుపు నొక్కితే బతుకుతారంటారు, నిజమేనా? – ఒక తల్లి, కావలి

జవాబు: వద్దమ్మా. కడుపు నొక్కితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. మునిగినవారికి ముందు కావలసింది ఊపిరి. శ్వాస ఉందో లేదో పది సెకన్లలోపు చూడండి. శ్వాస లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా, మరొకరు తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊదాలి. తర్వాత ఛాతీ మధ్య అయిదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి.

లేచి కూర్చుని మాట్లాడుతున్నా, దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత కూడా దెబ్బతినవచ్చు.

ప్రశ్న: పార్టీలో తాగి పడిపోయిన మిత్రుడికి నిమ్మరసం, చన్నీళ్ల స్నానం పనిచేస్తాయా? – ఒక విద్యార్థి

జవాబు: రెండూ పనిచేయవు. కాలేయం తన వేగంతోనే మద్యాన్ని కరిగిస్తుంది. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా పొలమారుతుంది, చన్నీళ్లు ఒంటిని ఇంకా చల్లబరుస్తాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఒకరు దగ్గరే కూర్చోండి. లేపినా లేవకపోయినా, శ్వాస మరీ నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా 108కు ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు కాబట్టి వార్డెనుకు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుందని మీలో చాలామంది భయపడతారు. ఆ భయంతో ఆలస్యం చేయకండి. ఎప్పుడు, ఏం తాగాడో, ఇంకేమైనా మాత్రలు వేసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. చికిత్స దాన్నిబట్టే మారుతుంది.