టికియాపారాకు కారు తెచ్చుకుంటున్నారా? ముందు అద్దాలు చూసుకోండి

హౌరాలోని టికియాపారా రైల్వే కార్‌షెడ్‌కు బదిలీ మీద వస్తూనో, బెలిలియస్ రోడ్డు చుట్టుపక్కల ఇల్లు చూసుకునో, వైజాగ్ నుంచి కారు కూడా తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. మన ఎండలకు తాళలేక అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించడం, పట్టుకుంటే చలాను కట్టి మళ్లీ అలాగే తిరగడం అలవాటైపోయింది. బయటి నంబరు ప్లేటుతో కొత్త ఊళ్లో ఆ ధీమా పనికిరాదు.

రూలు దేశమంతా ఒకటే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. దీని మీద సుప్రీంకోర్టు తలుపు తట్టింది కోల్‌కతా వాసే, అవిషేక్ గోయెంకా. 2012 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. అద్దం కంపెనీలోనే ఆ లెక్కకు తయారైతే సరే, పైన మాత్రం ఏ ఫిల్మూ అంటించకూడదు. ‘నాది లేత రంగేనండీ’ అనే వాదన అక్కడితో చెల్లకుండా పోయింది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, అది మనదాకా రాదు.

తర్వాత నిబంధనను సవరించారు. 2021 ఏప్రిల్ నుంచి ‘సేఫ్టీ గ్లేజింగ్’ (ప్లాస్టిక్ పొర ఉండే అద్దం) అనే మాట చేరింది. దాన్ని పట్టుకుని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 లెక్క తప్పకుండా ప్రమాణాలకు సరిపడే ఫిల్మ్ వాడుకోవచ్చంది. నిజమే, కానీ ఆ తీర్పు కాగితం పట్టుకుని ట్రాఫిక్ సార్జెంట్‌తో బెంగాలీలో వాదించగలరా? పైగా టికియాపారా హౌరా సిటీ పోలీసుల కిందికి వస్తుంది. విద్యాసాగర్ సేతు దాటితే కోల్‌కతా పోలీసులు. ఒకరు వదిలేశారని రెండోవారు వదలరు. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల దాకా, ఆపైన 1,500 దాకా జరిమానా.

డాలస్‌లో ఉన్న మరిది కారు చూసి మోజుపడకండి. అమెరికాలో రాష్ట్రానికో లెక్క: ముందు పక్కద్దాలకు టెక్సాస్‌లో 25 శాతం చాలు, కాలిఫోర్నియాలో 70 కావాలి.

కాబట్టి బయల్దేరేముందే ఫిల్మ్ తీయించండి. వెనకద్దం మీద సన్నటి డీఫాగర్ గీతలుంటాయి. బ్లేడుతో గీకితే తెగిపోతాయి. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, మూల నుంచి నెమ్మదిగా లాగమని చెప్పండి. ఇక్కడి ఉక్కపోతకు ఏసీయే గతి.

ఏడాదికి మించి ఉండేటట్లయితే బండిని ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. దానికి మీ ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. అది ఊరు వదలకముందే చేతికి తీసుకోండి.