కుర్చీ పక్కన రెండు నిమిషాలు

బీడీఎస్ అయిపోయింది. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చాయి. ఎండీఎస్ అంటే ఇంకో మూడేళ్లు. సొంత క్లినిక్ అంటే డెంటల్ చెయిర్, కంప్రెసర్, ఎక్స్‌రే మిషను, షాపు అడ్వాన్సు. ఆ లెక్క ఇంట్లో చెప్పేసరికి అందరూ మౌనంగా అన్నం కలుపుకుంటారు. అందుకే మీలో చాలామంది ముందు చేరేది ఏదో ఒక కార్పొరేట్ డెంటల్ చెయిన్‌లో. నేనూ అలాగే చేరాను. కూకట్‌పల్లి వైపు ఒక బ్రాంచిలో ఆరేళ్లు పనిచేశాను. చేరొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. చేరండి. కాకపోతే మొదటి నెలలోనే ఒక అలవాటు చేసుకోండి. నాకది పట్టుబడటానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం వేరొకరు చెల్లించారు.

కాలేజీలో మనకి పన్నొక్కటే కనిపిస్తుంది. చెయిన్‌లో పన్ను పక్కన అంకె కూడా కనిపిస్తుంది. రాత్రి 9 గంటలకి ఏ బ్రాంచికి ఎంత కలెక్షన్ వచ్చిందో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. మీరు రాసిన ట్రీట్‌మెంట్ ప్లాన్లలో ఎన్నింటికి పేషెంట్లు డబ్బు కట్టారన్నది ‘కన్వర్షన్’. నెలలో 25వ తేదీ దాటాక ఎవరు పలకరించినా టార్గెట్ మాటే. అలాగని బాగున్న పన్ను తొలచమని మిమ్మల్ని ఎవరూ అడగరు. అడిగితే మనమే తిరగబడతాం. జరిగేది వేరు. అనుమానం ఉన్న చోట చెయ్యి మెల్లగా ‘చేసేద్దాం’ వైపు ఒరుగుతుంది.

నా చెయ్యి అలా ఒరిగిన రోజు నాకు బాగా గుర్తుంది. నెలాఖరు. రైతుబజారులో ఆకుకూరలు అమ్మే ఆమె వచ్చింది, కుడివైపు కింది దవడ పన్ను సలుపుతోందని. 46కి రూట్ కెనాల్ తప్పదు, అందులో సందేహం లేదు. ప్లాన్ షీటులో ఇంకో పన్ను కూడా ఉంది, 25. పైన గాడిలో సన్నటి గోధుమరంగు గీత. ప్రోబ్ ఆనిస్తే గట్టిగానే ఉంది. ఎక్స్‌రేలో నీడ లేదు. ఎలాగూ వచ్చింది కదా అనుకుని తొలిచి ఫిల్లింగ్ పెట్టాను. పది రోజులకి మళ్లీ వచ్చింది. కుడివైపు హాయిగా ఉందట. ఎడమవైపు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందట. ‘ఈ పన్ను మంచిగనే ఉండె కద డాక్టరమ్మా’ అంది. కోపంతో అనలేదు, తెలుసుకోవాలనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఫిల్లింగు డబ్బు ఆమె రెండు విడతలుగా కట్టింది. వంద నోట్లు, పది నోట్లు కలిపి కౌంటర్లో లెక్కపెట్టడం నేను చూశాను.

ఆ మర్నాటి నుంచి నా పద్ధతి మార్చాను. ప్లాన్ షీటు ఫ్రంట్ ఆఫీసుకి వెళ్లేముందు రెండు నిమిషాలు నావి. కుర్చీ పైకి లేపి పేషెంటును కూర్చోబెడతాను. పడుకుని నోరు తెరిచి ఉన్న మనిషికి ఏం చెప్పినా ఎక్కదు. మాస్కు కిందికి దించి, చేతికి అద్దమిచ్చి, తెరమీద ఎక్స్‌రే చూపిస్తాను. ‘అన్నా, ఈ పన్ను నరం దాకా పుచ్చింది. రాత్రిపూట సలుపు ఎక్కువవుతోంది అంటున్నారు కదా, ఇందుకే. దీన్ని ఆపడానికి లేదు. ఈ ముందుపళ్ల వెనక గార పట్టింది, క్లీనింగ్ చేయించుకోవాలి. ఈ నెల వీలు కాకపోతే వచ్చే నెల రండి. ఇక్కడ కనిపించే గీతకి మాత్రం ఏమీ చేయక్కర్లేదు. ఆరు నెలలకి మళ్లీ చూద్దాం.’ అంతే. ఏది ఇప్పుడే కావాలి, ఏది ఆగగలదు, ఏది అక్కర్లేదు. మూడోది చెప్పడానికే నోరు రాదు. పట్టుబట్టి చెప్పండి. కేస్ షీటులో ‘25, గమనించాలి’ అని తేదీ వేసి రాయండి. ఇది పని ఎగ్గొట్టడం కాదు. ఎనామెల్ పైపొరలో మొదలైన మచ్చ ఫ్లోరైడుతో, శుభ్రతతో అక్కడే ఆగిపోవచ్చు. తొలిచేసిన పన్ను మాత్రం మళ్లీ పెరగదు.

ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్ చెప్పాల్సింది ఖర్చు, ఈఎంఐ, అపాయింట్‌మెంట్లు. ఏ పన్నుకి ఏం కావాలన్నది మీ నోటినుంచే రావాలి. ఈ హద్దు చెరిగిందంటే మీరు ఆ గదిలో కేవలం హ్యాండ్‌పీస్ పట్టుకునే మనిషి అయిపోతారు.

నా కన్వర్షన్ మొదటి రెండు నెలలు పడిపోయింది, దాచను. రివ్యూ మీటింగులో పేరుపెట్టి అడిగారు. అలాంటప్పుడు నీతి గురించి ఉపన్యాసం ఇవ్వకండి, మేనేజరు మీద కోపమూ పెంచుకోకండి. ఆయన నెత్తిమీదా పైవాళ్లు పెట్టిన అంకె ఉంటుంది. ఎక్స్‌రే తెరిచి చూపించండి. ‘సర్, ఈ పన్నుకి నేను సంతకం పెట్టలేను. మీకు అనుమానం ఉంటే ఎండో సర్‌కి ఫిల్మ్ పంపుదాం, ఆయన చేయాలంటే చేద్దాం’ అనండి. గొంతు పెంచకుండా ఈ మాట అనడం అద్దం ముందు సాధన చేయండి. నేను నిజంగానే చేశాను. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది, దంతవైద్యులూ అందులో ఉన్నారు. ఫిర్యాదు వచ్చిన రోజు కంపెనీ పేరుతోపాటు కేస్ షీటు కింద ఉన్న సంతకం ఎవరిదో కూడా చూస్తారు.

ఇక చెయిన్ మీకిచ్చేది. దాన్ని రెండు చేతులా తీసుకోండి. కొత్త క్లినిక్‌లో వారానికొక రూట్ కెనాల్ కోసం ఎదురుచూడాలి. ఇక్కడ రోజుకి రెండు మూడు వస్తాయి, చెయ్యి కుదురుకుంటుంది. ఆటోక్లేవ్‌లో పెట్టే పౌచ్ మీద రంగు మారిందో లేదో చూసే క్రమశిక్షణ ఇక్కడే వంటబడుతుంది. విజిటింగ్‌కి వచ్చే సర్జన్ జ్ఞానదంతం తీస్తుంటే మీ లంచ్ వదులుకునైనా వెనక నిలబడండి. అపాయింట్‌మెంట్లు మీదమీద పడతాయి. పడినా రెండు పనులు మాత్రం కుదించకండి. రూట్ కెనాల్‌కి రబ్బర్ డ్యామ్ వేయడం, కింది దవడకి ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి మొద్దుబారేదాకా ఆగడం.

అసిస్టెంట్ల దగ్గర నేర్చుకున్నంత నేను ఏ వర్క్‌షాపులోనూ నేర్చుకోలేదు. మా బ్రాంచిలో పన్నెండేళ్ల అనుభవం ఉన్న అక్క ఒకావిడ ఉండేది. సక్షన్ పట్టుకుని నిలబడి, ఒకరోజు నా మోచేయి మెల్లగా తట్టి, ‘మేడమ్, మీరు నోరే చూస్తున్నారు, చేతులు చూడండి’ అంది. చూశాను. కుర్చీ పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఆ కుర్రాడు నొప్పి అని ఒక్కమాట అనలేదు. ఆపి, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాను. ఆనాటినుంచి డ్రిల్ ఆనించేముందు నా చూపు చేతుల మీదికి వెళుతుంది. అక్కలను పేరు వెనక ‘గారు’ చేర్చి పిలవండి, వాళ్లతో కలిసి టీ తాగండి. వాళ్ల జీతం మీ జీతంలో ఎన్నో వంతో ఒక్కసారి తెలుసుకుంటే మీ మాట తీరే మారుతుంది.

ఆఫర్ లెటర్ సంగతి క్లుప్తంగా. ఇన్సెంటివ్ శాతం ల్యాబ్ ఖర్చులు తీసేశాక లెక్కిస్తారా, తీయకముందా? అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి. ‘కన్సల్టెంట్’ అని రాస్తే సాధారణంగా ఫీజులోంచి 10 శాతం టీడీఎస్ కోస్తారు, పీఎఫ్ ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు. మానేశాక ఇన్ని కిలోమీటర్ల లోపల ప్రాక్టీసు చేయకూడదనే షరతు చూసి బెదిరిపోకండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటివి సాధారణంగా చెల్లవు. నోటీసు పీరియడ్, బాండు డబ్బు వేరే విషయాలు. సంతకానికి ముందు ఒక వకీలుకి చూపించండి.

మెడ, నడుము జాగ్రత్త. వంగి చూడటం కాదు, పేషెంటు తల తిప్పించడం నేర్చుకోండి.

చివరగా ఒక పని, దీన్ని ఈ ఆదివారమే మొదలుపెట్టండి. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. పేషెంట్ల పేర్లూ ఫోన్ నంబర్లూ వద్దు, అవి మీ సొత్తు కావు. ఒక్కో పేజీకి ఒక్కో కేసు. పన్ను నంబరు, తేదీ, ఏం చేశారు, ఎందుకు చేశారు, ఆరు నెలల తర్వాత ఎలా ఉంది. కుడివైపు సగం పేజీ ఖాళీగా వదలండి, అది చేయకుండా వదిలేసిన పళ్ల కోసం. నా మొదటి నోట్‌బుక్ ఇప్పటికీ క్లినిక్ బల్ల సొరుగులో ఉంది. దాని మొదటి పేజీలో 25 అన్న అంకె ఉంది, ‘ఎందుకు చేశారు’ అన్న చోట నేనేమీ రాయలేకపోయాను.