అమ్మమ్మ మాట తడబడితే ఏం చెయ్యాలి?



ఈ ఏడాది శరీర భాగాల పాఠం చెబుతూ క్లాసులో ఒక ప్రశ్న అడిగాను. "ఇంట్లో మీరూ, అమ్మమ్మా మాత్రమే ఉన్నారు. అమ్మమ్మ 'చెయ్యి తిమ్మిరెక్కింది, కళ్ళు తిరుగుతున్నాయి' అంది. ఏం చేస్తారు?" తిమ్మిరి అంటే ఏమిటో ఒక్కరికే తెలుసు. మిగతావాళ్ళంతా "నాన్నకి ఫోన్ చేస్తాం" అన్నారు. మరి నాన్న మీటింగులో ఉంటే? అందుకే ఈ పాఠం.

నేను డాక్టర్ని కాను, మీలో చాలామంది నాన్నల్లాగే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ప్రమాదాన్ని గుర్తుపట్టి 911కి ఫోన్ చెయ్యడం వరకే మన పని. వైద్యం వాళ్ళు చూసుకుంటారు.

1. పక్షవాతం

మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. ఇంగ్లీషులో దీన్ని స్ట్రోక్ అంటారు. నాలుగు పనులు గుర్తుపెట్టుకోండి.

నవ్వించండి: మూతి ఒక పక్కకి వంకరపోతోందా?
చేతులెత్తించండి: రెండు చేతులూ ముందుకి చాపితే ఒకటి కిందికి జారిపోతోందా?
మాట్లాడించండి: "చెట్టు మీద చిలక ఉంది" అనమంటే మాట ముద్దగా వస్తోందా?
ఫోన్ చెయ్యండి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 911.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, తూలిపోతున్నా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా ఇలాగే చెయ్యాలి. ఐదు నిమిషాల్లో అన్నీ సర్దుకున్నా సరే, ఫోన్ చెయ్యాల్సిందే.

అమ్మమ్మ ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో కాగితం మీద రాయండి. గడ్డని కరిగించే మందు సాధారణంగా అప్పటినుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆస్పిరిన్ ఇవ్వకండి. నాళం చిట్లి ఉంటే రక్తస్రావం ఎక్కువవుతుంది. మంచినీళ్ళు కూడా పట్టకండి, గొంతుకి అడ్డం పడవచ్చు.

2. పొగ

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు రేగాయి. అక్కడ పనిచేసే ఆరుగురు యువతీయువకులు పొగకి ఊపిరాడక చనిపోయారు. మంట తాకకపోయినా పొగ ప్రాణం తీస్తుంది.

పొగ కమ్మితే నేలకి దగ్గరగా వంగి పాకుతూ బయటికి రండి. ఫోన్ బయటికి వచ్చాక చెయ్యండి. బొమ్మ కోసమో, పాస్‌పోర్టు కోసమో మళ్ళీ లోపలికి వెళ్ళకండి. గొంతు బొంగురుపోయినా, ముక్కు దగ్గర మసి కనిపించినా, దగ్గు, తలనొప్పి, తికమక ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. గొంతు లోపల వాపు కొన్ని గంటల తరవాత కూడా పెరగవచ్చు.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ, వాసనా ఉండవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే దాన్ని అనుమానించి బయటికి వచ్చెయ్యండి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటరు దాన్ని కనిపెట్టలేదు. కరెంటు పోయిందని బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తేకండి, జనరేటరు గరాజులో పెట్టకండి. అలారం పనిచేస్తోందో లేదో నెలకోసారి చూడండి.

3. బృహద్ధమని ఉబ్బు

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని. సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బినట్టు, ఇదీ ఉబ్బవచ్చు. చాలామందికి ఏ బాధా తెలియదు. పగిలితే మాత్రం కడుపులోనో, వీపులోనో, ఛాతీలోనో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తుంది. చెమటలు పట్టి, స్పృహ తప్పుతుంది. "నడుం పట్టేసింది" అనుకుని అమృతాంజనం రాస్తూ కూర్చుంటే ప్రాణం మీదకి వస్తుంది.

ఐన్‌స్టీన్ గారికి ఈ జబ్బుకే 1948లో ఆపరేషన్ జరిగింది. 1955 ఏప్రిల్‌లో అది పగలడంతో ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశారు. ఇప్పుడు ముందే తెలుసుకునే వీలుంది. ఎప్పుడైనా పొగ తాగిన అలవాటున్న 65 నుంచి 75 ఏళ్ళ మగవాళ్ళు ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకోవాలని ఇక్కడి వైద్య నిపుణుల సలహా. తాతగారు ఎప్పుడో మానేసినా సరే, డాక్టరుని అడగండి.

పెద్దవాళ్ళకి ఒక మాట

"విజిటర్ వీసా మీద వచ్చాను, బిల్లు ఎంతవుతుందో" అని నొప్పి దాచుకునే అత్తమామలు, అమ్మానాన్నలు మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నారు. బిల్లు రాదని చెప్పను. కానీ 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ రూముల్లో డబ్బు సంగతి అడక్కుండా ముందు పరీక్ష చేసి, ప్రాణాపాయం ఉంటే చికిత్స చెయ్యాలి. బిల్లు సంగతి తరవాత మాట్లాడుకోవచ్చు. మీరే కారులో తీసుకెళ్ళకండి. అంబులెన్సులో దారిలోనే చికిత్స మొదలవుతుంది, ఆసుపత్రికి కబురూ అందుతుంది.

పిల్లలూ, అమ్మమ్మ తెలుగు మామూలుగా ఉందో, ముద్దగా ఉందో అంబులెన్సులో వచ్చేవాళ్ళకి తెలియదు. అది మీకే తెలుస్తుంది. డాక్టరుకి ఇంగ్లీషు వచ్చు, అమ్మమ్మకి తెలుగు వచ్చు, మీకు రెండూ వచ్చు. మనం శనివారాలు బడికి వచ్చేది ఇందుకు కూడా.

ఇంటిపని: తిమ్మిరి, మూతి వంకర, ఆయాసం, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం అనే మాటలకి ఇంగ్లీషులో అర్థాలు రాయండి. మీ ఇంటి అడ్రసు, అమ్మమ్మ తాతయ్యలు వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. 911కి ఫోన్ చేస్తే ముందు అడ్రసు చెప్పండి. వాళ్ళు పెట్టెయ్యమనే దాకా ఫోన్ పెట్టెయ్యకండి.